కప్‌బోర్డు తలుపులకు గ్లాస్ వేయించాలంటే కొలతలు ఎలా తీయాలి?

అడిగింది కర్నూలులో పాత ఇల్లు, వంటింటి కప్‌బోర్డు తలుపుల్లో మధ్య ప్లైవుడ్ తీసేసి గ్లాస్ పెట్టించడం గురించి కదా. ముందు ఆ ప్లైవుడ్ తీయించండి, తర్వాతే టేపు పట్టుకోండి. ముందువైపు కనిపించే ఖాళీని కొలిచి షాపుకి వెళ్తే గ్లాస్ చిన్నదై జారిపోతుంది, ఎందుకంటే అది కూర్చునేది వెనకవైపు గాడిలో. అందుకని తలుపు ఊడదీసి బోర్లా పడుకోబెట్టి, గాడి అంచు నుంచి అంచుకి కొలవండి: వెడల్పు పైన, మధ్యలో, కింద; ఎత్తు కూడా అలాగే మూడు చోట్ల. ఏది తక్కువ వస్తే అదే లెక్క, అందులోంచి 3 మి.మీ. తగ్గించి ఇవ్వండి. వానాకాలం చెక్క ఉబ్బినా గ్లాస్ మీద ఒత్తిడి పడదు.

కడప బండల అరలకి చెక్క ఫ్రేము బిగించిన వంటిళ్లలో తలుపుని కూడా ఆ వంకరకి తగ్గట్టు చెక్కేసి ఉంటారు, మూలలు సరిగ్గా ఉంటాయని నమ్మొద్దు. మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా రెండు వైపులా కొలిచి చూడండి, తేడా కనిపిస్తే అంకెలు పక్కన పెట్టి అట్టముక్క కత్తిరించి గాడిలో సరిపోయిందో లేదో చూసి, పైభాగం ఏదో రాసి అదే ఇచ్చేయండి. ప్రతి తలుపుకీ నంబరు వేయండి, ఒకటి కొలిచి మిగతావీ అంతేలే అనుకోకండి.

మామూలుగా 4 మి.మీ. గ్లాస్ చాలు. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన గ్లాస్) అయితే మాత్రం కొలత రెండుసార్లు చూసుకోండి, తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు. గీతల గ్లాసైతే గీతలు నిలువో అడ్డమో కూడా చెప్పాలి.