కొత్త అద్దె ఇంట్లో సామాను బిగించే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నిజాంపేటలో ఇల్లు కుదిరిందనీ, వచ్చే నెల మొదటి వారంలో పాలు పొంగించి సామాను దించుకుంటారనీ మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఉద్యోగరీత్యా 28 ఏళ్లపాటు కర్నూలు, విజయవాడ, హైదరాబాదుల్లో అద్దె ఇళ్లలోనే కాపురం చేసినవాడిని కనుక, ఒక్క సంగతి నీకు ముందుగానే చెప్పాలనిపించింది. అద్దె ఇంట్లో ఫ్రిజ్జూ, గీజరూ, వాషింగ్ మెషీనూ పాడవడానికి వాటిలోని లోపం కన్నా ఆ ఇంటి నీళ్లూ, వైరింగూ కారణం కావడమే నేను ఎక్కువగా చూశాను. సొంత ఇల్లయితే ఆ రెండింటినీ దగ్గరుండి చేయించుకుంటాం. అద్దె ఇంట్లో అవి ఎవరు ఎప్పుడు ఎలా చేయించారో మనకు తెలియదు.

కాబట్టి సామాను దించకముందే ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను తీసుకువెళ్లి, ప్రతి సాకెట్టుకూ ఎర్తింగు ఉన్నదో లేదో చూపించు. ప్లగ్గులో పైన ఉండే లావాటి పిన్ను ఎర్తింగుది. సాకెట్టులో దానికి రంధ్రం ఉన్నంత మాత్రాన వెనక తీగ ఉన్నట్టు కాదు. కర్నూలులో మేము దిగిన ఒక ఇంట్లో తీగ లేని అటువంటి సాకెట్టుకే గీజరు బిగించుకున్నాం. వారం తిరగకముందే, కుళాయి తిప్పబోయిన మీ అత్తయ్య చెయ్యి జివ్వుమని లాగింది. దేవుడి దయవల్ల ఆ పూట గండం తప్పింది గానీ, తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడగానే ఉంటుంది. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడు. వెంటనే కరెంటు పోవాలి. అసలది లేకపోతే ఓనరు గారిని అడగండి, ఆ ఖర్చుకు ఆయన ఒప్పుకోకపోతే ఆయన అనుమతితో మీ ఖర్చు మీదనైనా పెట్టించుకోండి. అలాగే, 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కనుక, దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు తప్పనిసరి. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు కన్వర్టరు తగిలించి సరిపెట్టుకుంటే సాకెట్టు వేడెక్కి కరిగిపోతుంది.

ఇక నీళ్ల విషయం. మీ అపార్ట్‌మెంటులో వాడేది బోరు నీళ్లేనని విన్నాను. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడివడి, గీజరు లోపలి హీటరు మీద సున్నంలా పేరుకుంటాయి. పొర మందమైనకొద్దీ నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి హీటరే కాలిపోతుంది. నీళ్లు ఎంత వేడెక్కితే సున్నం అంత త్వరగా పడుతుంది కాబట్టి, వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను 50, 55 డిగ్రీల మధ్య ఉంచి, ఏడాదికొకసారి సర్వీసింగ్ చేయించు. ఆ సమయంలో ట్యాంకు లోపలి మెగ్నీషియం రాడ్డును కూడా విప్పి చూడమని అడుగు. ట్యాంకుకు పట్టవలసిన తుప్పును అదే తీసుకుంటుంది. అది పూర్తిగా అరిగిపోయాక ఇక తుప్పు ట్యాంకునే తింటుంది. వాషింగ్ మెషీనుకు నీళ్లు వచ్చే పైపు మొదట్లో ఉండే చిన్న జల్లెడలో బోరు ఇసుక చేరుతుంది గనుక, కుళాయి కట్టేసి దాన్ని నెలకొకసారి కడుగు.

వాషింగ్ మెషీను గురించి మరొక మాట, ఇది ఇల్లు మారేవాళ్లకు మరీ ముఖ్యం. మీది ముందు తలుపు ఉండే రకమైతే, బిగించేటప్పుడు వెనకనుంచి తీసే ట్రాన్సిట్ బోల్టులను పారేయనివ్వకు. డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. ఆ బోల్టులు లేకుండా లారీ ఎక్కిస్తే గతుకులకు అది ఊగి ఊగి లోపలి భాగాలను విరగ్గొడుతుంది. విజయవాడ నుంచి వచ్చేటప్పుడు మాకు సరిగ్గా అదే జరిగింది. వాటిని ఒక సంచిలో వేసి, మెషీను బిల్లుతో పాటు బీరువాలో పెట్టు.

ఫ్రిజ్జును నిలువుగానే తెప్పించు. దారిలో పడుకోబెట్టవలసి వస్తే, కంప్రెసరులోని నూనె తిరిగి కిందికి దిగేదాకా కొన్ని గంటలపాటు నిలబెట్టి ఉంచిన తరువాతే స్విచ్ వేయండి. వెనక జానెడు ఖాళీ వదలాలి. ఏసీకి గోడకు రంధ్రం పెట్టించే ముందు ఓనరు గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఓనరు గారు ఇచ్చే గీజరు, ఫ్యాన్లు, చిమ్నీ ఏ స్థితిలో ఉన్నాయో మొదటిరోజే ఫొటోలు తీసి ఆయనకు పంపు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో, అగ్రిమెంటులో వేరుగా రాసుకోకపోతే, గీజరు, స్విచ్చులు, సాకెట్ల మరమ్మతులు అద్దెకున్నవారివే. గోడల లోపలి వైరింగు మాత్రం యజమానిది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది గానీ, ఎవరి ఖర్చు ఎవరిదో అగ్రిమెంటులో రాసుకోవడానికి అందులోని మరమ్మతుల పట్టిక మంచి ఆధారం. పాత గీజరు రిపేరు ఖర్చు మీ మీద పడకుండా ఒక వాక్యం ఇప్పుడే రాయించుకోండి.

అల్లుడు గారికి నా ఆశీస్సులు చెప్పు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసిన రోజున, ఎర్తింగు గురించి ఆయన ఏమన్నాడో నాకు ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య