టెక్ సందేహాలు: వైరస్‌లను కాల్చే ఆటతో సైబర్ భద్రత వస్తుందా?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుగా 8, 9 తరగతుల పిల్లలకు సైబర్ భద్రత నేర్పే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) గేమ్ చేస్తున్నాం. మా దగ్గర క్వెస్ట్ 3ఎస్ వీఆర్ హెడ్‌సెట్ ఉంది. ఆటలో సర్వర్ గదిలో తిరుగుతూ వైరస్‌లను కాల్చాలి. ‘ఇందులో నేర్చుకునేదేముంది?’ అంటున్నారు మా గైడ్. ఎలా మార్చాలి?

జవాబు: గైడ్ అన్నది నిజమే. కాల్చడం వల్ల గురి కుదురుతుంది, అంతే. ఇళ్లల్లో డబ్బు పోయేది ‘ట్రాఫిక్ చలానా’ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలు ఇన్‌స్టాల్ చేయడం వల్ల, ‘మీకు డబ్బు పంపుతాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే కొట్టడం వల్ల. సర్వర్ గది తీసేసి ఒక ఇంటి హాలు, చేతిలో ఒక ఫోను పెట్టండి.

అసలు చిక్కు ఆ ఫోనుతోనే. క్వెస్ట్ 3ఎస్‌లో చూపు కోణంలో ఒక్కో డిగ్రీకి దక్కేది దాదాపు 20 పిక్సెళ్లు. 7 సెం.మీ. వెడల్పు ఫోను 40 సెం.మీ. దూరంలో ఉంటే ఆక్రమించేది 10 డిగ్రీలే, అంటే 200 పిక్సెళ్లు. అందులో 30 అక్షరాల వెబ్ అడ్రసు పెడితే అక్షరానికి ఏడు పిక్సెళ్లు కూడా రావు. ‘ఎల్’ ఉండాల్సిన చోట ‘1’ పెట్టిన దొంగ అడ్రసును ఎవరు పట్టుకోగలరు? మెసేజ్ నొక్కగానే 1.2 మీటర్ల దూరంలో మీటరు వెడల్పు పలక తెరుచుకునేలా చేయండి. అప్పుడు అక్షరానికి సుమారు 30 పిక్సెళ్లు దక్కుతాయి.

పది మెసేజ్‌లు పెడితే నాలుగైనా నిజమైనవి ఉండాలి. అన్నీ మోసాలే అయితే పిల్లలు చదవకుండా ‘మోసం’ బటన్ నొక్కేస్తారు, మార్కులూ వచ్చేస్తాయి! ‘గవ్ డాట్ ఇన్’ తర్వాత ఇంకో డాట్, ఇంకో పేరు తగిలించిన అడ్రసు ఒకటి తప్పక పెట్టండి. అసలు సైటు పేరు చివర ఉంటుంది కాబట్టి, ‘://’ తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవడం దానితోనే వస్తుంది.

పిన్ అడిగే చోట జాగ్రత్త. అలవాటుగా ఇంట్లోవాళ్ల అసలు పిన్ కొట్టేస్తారు. ఆటే ఒక పిన్ ఇచ్చి, అది తప్ప ఇంకేదీ తీసుకోకుండా, దేన్నీ లాగ్‌లో (ఆట దాచుకునే రికార్డులో) రాయకుండా చూడండి. తప్పు చేస్తే వెంటనే ‘గేమ్ ఓవర్’ అనొద్దు. అర నిమిషం ఆగి డెబిట్ ఎస్ఎంఎస్ రావాలి, అక్కడి నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసే దాకా గడియారం నడవాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న మాట అప్పుడు గుర్తుండిపోతుంది.

ఇక నడక. జాయ్‌స్టిక్‌తో జారుతూ కదిలితే కళ్లు కదులుతున్నామంటాయి, చెవి లోపలి సమతౌల్య అవయవం కదలడం లేదంటుంది, కడుపులో తిప్పుతుంది. టెలిపోర్ట్ (చూపించిన చోటికి ఒక్కసారిగా చేరడం), 45 డిగ్రీల స్నాప్ టర్న్ (ఒక్క కుదుపులో తిరగడం) వాడండి. కూర్చుని ఆడించడం ఇంకా మేలు. 72 హెర్ట్జ్ (సెకనుకు 72 ఫ్రేములు) అంటే ఒక్కో ఫ్రేము గీయడానికి 13.9 మిల్లీసెకన్లే కాబట్టి నీడలను ముందే బేక్ చేసేయండి, అంటే లెక్కగట్టి బొమ్మలో కలిపేయండి.

ప్రశ్న: ఆటలు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు వత్తులు విడిపోతున్నాయి. ఫాంట్లు మార్చినా అంతే.

జవాబు: లోపం ఫాంటుది కాదు. టెక్స్ట్‌మెష్ ప్రో ఒక్కో కోడ్‌కు ఒక్కో గుర్తు పేర్చుకుంటూ పోతుంది, వత్తును హల్లు కిందికి చేర్చే షేపింగ్ అందులో లేదు. మారని వాక్యాలైతే బొమ్మలుగా చేసి అతికించండి. ఆట ఇంకా మొదట్లోనే ఉంటే యూనిటీ లాంటిదే అయిన గోడో 4కు మారడం తేలిక. అందులో షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి, 3డీలో అక్షరాలు చూపే లేబుల్3డీలో తెలుగు సరిగ్గా వస్తుంది. క్వెస్ట్ కోసం ఓపెన్ఎక్స్ఆర్ వెండర్స్ ప్లగిన్ (గోడోను హెడ్‌సెట్‌తో కలిపే అదనపు భాగం) విడిగా వేసుకోవాలి.

ప్రశ్న: క్లాసులో 40 మంది, హెడ్‌సెట్ ఒక్కటే. ఎలా?

జవాబు: ఒకరు ఆడుతుంటే హెడ్‌సెట్‌లో కనిపించేదాన్ని ల్యాప్‌టాప్‌కు కాస్ట్ చేసి (వైఫైలో పంపి) ప్రొజెక్టర్‌పై చూపండి. హెడ్‌సెట్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ప్రతి మెసేజ్ దగ్గర ఆటను పాజ్ చేసి, ‘నిజమా, మోసమా’ అని మిగతావాళ్లతో చేతులెత్తించండి. వంతు మారేటప్పుడు లెన్సులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి. స్పిరిట్ తగిలితే వాటి పూత పాడవుతుంది.