చెరువు కింది టేకు, గుట్ట మీది టేకు

ప్రశ్న: టేకు కలపలో ఏటా పడే వలయాల్లోని ఆక్సిజన్-18ను (ఆక్సిజన్‌లో బరువైన రకం) బట్టి పాత వానాకాలాల తీరు చెప్పొచ్చంటారు. హైదరాబాద్ శివారులోని మా ఊళ్లో చెరువు కట్ట కింద టేకు తోపు, కిలోమీటరు దూరంలో గుట్ట మీద కొన్ని టేకు చెట్లు ఉన్నాయి. రెండు చోట్లా కురిసేది ఒకే వాన కదా, విలువలూ ఒకేలా వస్తాయా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక

జవాబు: రావు. వలయంలో చేరేది వేళ్లకు అందిన నీటి లెక్క. వానలు జోరుగా పడిన ఏడాది వాన నీటిలో ఆక్సిజన్-18 సాధారణంగా తగ్గుతుంది. గ్రానైట్ గుట్ట మీద మట్టి పలుచన కాబట్టి చెట్టు ఎక్కువగా ఆ ఏటి వాననే తాగుతుంది, హెచ్చుతగ్గులు వలయంలో బాగా కనబడతాయి. అయితే ఆ మట్టి తొందరగా ఎండుతుంది. తేలిక అణువులు ముందు ఆవిరై, మిగిలిన నీటిలో ఆక్సిజన్-18 పెరుగుతుంది. అందుకే కరువు ఏడాది ఉన్నదానికంటే పెద్ద కరువులా కనబడొచ్చు.

కట్ట కింద ఊరే నీరు చెరువులో ఉండగానే ఎండకు కొంత ఆవిరై ఉంటుంది, అందులో నిరుటి నీరూ కలిసుండొచ్చు. సగటు విలువ పైకి జరుగుతుంది, ఏటికేటికీ ఉండాల్సిన తేడా మొద్దుబారుతుంది. దీని మీద ఆకు పని ఒకటి: గాలి పొడిగా ఉంటే ఆకు నీరు ఇంకా బరువెక్కుతుంది. కలపలోని ముఖ్య పదార్థమైన సెల్యులోజ్ తయారయ్యేటప్పుడు దాదాపు 40 శాతం ఆక్సిజన్ మళ్లీ కాండం నీటితో మారుతుంది కాబట్టి ఆకు నీటి జాడ, వేళ్ల నీటి జాడ రెండూ కలిసే ఉంటాయి.

తేల్చుకోవాలంటే జూన్ నుంచి నవంబర్ దాకా నెలనెలా వాన, చెరువు, బావి నీళ్లు, 10, 50, 100 సెం.మీ. లోతు మట్టి (గుట్ట మీద రాయి తగిలేదాకా), బెరడు తీసిన ముదురు కొమ్మ ముక్కలు తీసుకోండి. ఆకు, పచ్చటి లేత కొమ్మ వద్దు. ముక్కను వెంటనే గాజు సీసాలో బిగించి మంచులో పెట్టాలి, ఆలస్యమైతే అక్కడే ఆవిరై లెక్క తప్పుతుంది. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్), ఆక్సిజన్-18 కలిపి గ్రాఫ్ గీస్తే వాన గీత వాలు 8కి దగ్గరగా, ఆవిరైన నీటిది 4–6 మధ్య ఉంటుంది. కొమ్మ నీరు ఏ గీతకు దగ్గరగా పడితే చెట్టు ఎక్కువగా ఆ నీరే తాగుతోందని అంచనా వేయొచ్చు. ఎండిన మట్టి నీరూ ఆవిరైన గీత మీదే పడొచ్చు కాబట్టి మట్టి విలువలతోనూ పోల్చండి. రెండు చోట్ల విలువల్ని కలిపి సగటు తీయకండి. ఏ చెట్టుకా చెట్టు తన సగటును విలువల్లోంచి మినహాయించాక, ఒడుదుడుకులు కలిస్తేనే కలపాలి.

ప్రశ్న: రోడ్డు పక్క చెట్ల వలయాల్లోని కార్బన్-13 (కార్బన్‌లో బరువైన రకం) పాత వాతావరణం తెలుసుకోవడానికి పనికొస్తుందా?
– పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: వాతావరణ చరిత్రకు వద్దు. వాహనాల పొగలోని కార్బన్‌లో కార్బన్-13 తక్కువ, అది విలువను కిందికి లాగుతుంది. కాంక్రీటు కింద నీళ్లందక పత్రరంధ్రాలు మూసుకుంటే పైకి లాగుతుంది. రెంటినీ విడదీయడం కష్టం. అడవి చెట్టుకైనా, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కార్బన్-13 విలువ పారిశ్రామిక యుగానికి ముందు −6.4 నుంచి ఇప్పటి సుమారు −8.5 పర్‌మిల్‌కు (ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి ఎంత తేడా అన్న లెక్క) పడిపోయిన తేడాను సరిదిద్దాలి. చెట్టు చిన్ననాటి వలయాల్ని పక్కన పెట్టాలి.

ప్రశ్న: నమూనా ఎలా తీయాలి?
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఒక్కో చోట కనీసం 5 చెట్లు, చెట్టుకు 2 కోర్లు (కాండంలోంచి తొలిచి తీసే సన్నని కలప కడ్డీలు). వాలు మీద పైనుంచి కిందికి కాకుండా అడ్డంగా తొలవండి. అడవిలోనైతే ముందు అటవీ శాఖ అనుమతి. కోర్‌కు జిగురు పూయొద్దు, అందులోనూ కార్బన్, ఆక్సిజన్ ఉంటాయి. వానాకాలం మధ్యలో వాన ఆగితే టేకులో దొంగ వలయం (ఒకే ఏట అదనంగా పడేది) పడుతుంది, కాబట్టి కోర్లన్నిటినీ సరిపోల్చి సంవత్సరాలు ఖాయం చేశాకే కోయాలి.

టేకులో నూనె ఎక్కువ. టోలుయిన్–ఇథనాల్‌తో అది తీశాక, ఎసిటిక్ ఆమ్లం కలిపిన సోడియం క్లోరైట్‌లో 70 డిగ్రీల దగ్గర లిగ్నిన్ (కలపను గట్టిపరిచే పదార్థం), తర్వాత 17 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌తో హెమిసెల్యులోజ్ (సెల్యులోజ్‌తో కలిసుండే మరో పదార్థం) పోగొట్టాలి. మిగిలే శుద్ధ సెల్యులోజే ఆల్ఫా సెల్యులోజ్. లిగ్నిన్ మిగిలితే కార్బన్-13 తక్కువగా వస్తుంది. సుమారు 0.2 మి.గ్రా. ఆల్ఫా సెల్యులోజ్‌ను ఆక్సిజన్‌కైతే వెండి క్యాప్సూల్‌లో, కార్బన్‌కైతే తగరం క్యాప్సూల్‌లో వేయాలి. విలువలు కొలిచే మెషీన్‌లో పెట్టేముందు వెండి క్యాప్సూళ్లను వాక్యూమ్‌లో ఆరబెట్టండి. సెల్యులోజ్ పట్టుకున్న గాలి తేమలోనూ ఆక్సిజన్ ఉంది మరి.