రెఫరల్ చీటీలో రాయించవలసింది జబ్బు పేరొక్కటే కాదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతం. మా తమ్ముడికి 34 ఏళ్ళు. తొమ్మిదేళ్ళ క్రితం స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి అన్నారు. మూడుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికొచ్చిన నాలుగైదు నెలలకు మాత్రలు మానేస్తాడు, తాగుడు మొదలవుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. కసుమూరు దర్గాలోనూ కొన్నాళ్ళు ఉంచాం. ఇప్పుడు షుగర్ కూడా వచ్చింది. డెబ్బై దాటిన అమ్మ ఒక్కతే వాణ్ణి చూసుకుంటోంది. శాశ్వతంగా ఎక్కడైనా చేర్పించడమే దారా?
- ఒక అక్క

జవాబు: అమ్మా, ఆ నిర్ణయానికి ముందు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. మూడుసార్లు ఇంటికి పంపినప్పుడు, ఆ తరువాత అతన్ని ఎవరు చూస్తారన్నది కాగితం మీద పెట్టినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మాత్రలు మానేయడాన్ని నేను అతని మొండితనంగానో మీ అమ్మగారి లోపంగానో చూడలేను. జబ్బు, తాగుడు, షుగర్ మూడూ కలిసినప్పుడు ఆ బరువు ఒక్క తల్లి మోయగలిగేది కాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ ప్రకారం, రోగిని ఇంటికి పంపే ముందు సైకియాట్రిస్టు ఆ రోగితోను, ఇంట్లో చూసుకునేవారితోను, ఇకమీదట వైద్యం చేయబోయే డాక్టరుతోను సంప్రదించి, ఏ చికిత్స, ఏ సేవలు కావాలో ఆలోచించాలి. కనుక పాత డిశ్చార్జ్ కాగితాలన్నీ తీసుకొని నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్ళి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి రెఫరల్ చీటీ రాసివ్వమని అడగండి. సైకియాట్రిస్టుతో పాటు సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త (సోషల్ వర్కర్), నర్సు కలిసి పనిచేసేలా రూపొందించిన కార్యక్రమమది. చీటీలో జబ్బు పేరొక్కటే ఉంటే మళ్ళీ మాత్రలే ఇచ్చి పంపుతారు. ఎన్నిసార్లు, ఎన్ని నెలలకు తిరగబెట్టిందో, తాగుడు, షుగర్, తల్లి వయసు, ఇంటికీ ఆసుపత్రికీ ఉన్న దూరం కూడా రాయించండి. నకలు ఒకటి మీ పీహెచ్‌సీ డాక్టరుకూ, మరొకటి ఊళ్ళోని ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్తకూ ఇవ్వండి.

మాత్రలు తరచూ మానేసేవారికి కొన్ని వారాలపాటు పనిచేసే ఇంజెక్షన్లున్నాయి. అవి మీ తమ్ముడికి సరిపోతాయేమో అడగండి. కొన్ని మానసిక వ్యాధి మందుల వల్ల షుగర్ పెరుగుతుంది కాబట్టి ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి తప్ప మీరుగా మందు ఆపకూడదు. రాత్రివేళ ఎటూ తోచనప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) వారు తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణాపాయమనిపిస్తే మాత్రం 108కే చేయండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. మెడికల్ బోర్డు 40 శాతం లేదా ఆపైన వైకల్యం నిర్ధారిస్తే, గ్రామ సచివాలయంలో పింఛను సంగతి విచారించండి.

శాశ్వతంగా చేర్పించడం గురించి అడిగారు. ఇంటివాళ్ళు లేరనో, ఒప్పుకోరనో, సామాజిక వసతులు లేవనో ఒక మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయరాదని మొదట చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఆశ్రయంతో కూడిన వసతి గృహాలు కూడా చట్టంలో ఉన్నాయి గానీ, రాసినంత సులువుగా దొరకవు. అమ్మగారికి చేతకాని రోజు రాకముందే దాని గురించి కూడా ఆ సామాజిక కార్యకర్తతో మాట్లాడి ఉంచండి.

ఇవన్నీ మీ తమ్ముడు కాస్త నెమ్మదిగా ఉన్న రోజున అతనితో కూర్చుని చెప్పండి. తన తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధిని అతనే తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి ఎంచుకోవచ్చు. ఆ పేరు మీదా, అమ్మగారిదా, మరొకరిదా అన్నది అతన్నే అడగండి.