వాకింగ్ ఒక్కటే చాలదు, కాళ్లలో బలం కావాలి

"మా నాన్నగారికి 70 నిండాయి. రోజూ పొద్దున్నే వాకింగ్ చేస్తారు. బీపీ, షుగర్ అదుపులోనే ఉన్నాయి. ఈ వయసులో ఆరోగ్యంగా, చురుగ్గా ఉండటానికి వాకింగ్ సరిపోతుందా, ఇంకేమైనా చేయించాలా?" అని అడిగారు.

సరిపోదండీ. అలాగని మానేయమని కాదు. వాకింగ్ గుండెకు మంచిది, నిద్రకు మంచిది, నలుగురిని చూసి రావడం వల్ల మనసుకూ మంచిది. కానీ పెద్దవయసులో మనిషి ఇంకొకరి మీద ఆధారపడటం ఎక్కడ మొదలవుతుందో గమనించండి. మంచం మీద నుంచి, కుర్చీలో నుంచి, కమోడ్ మీద నుంచి సొంతంగా లేవలేకపోవడం దగ్గర మొదలవుతుంది. ఆ లేచే బలం తొడల్లో, పిరుదుల్లో ఉంటుంది. చదునైన దారి మీద మెల్లగా నడిస్తే ఆ కండరాల మీద పెద్దగా భారం పడదు. భారం పడని కండ గట్టిపడదు.

నేనూ అరవై దాటినదాన్నే. ఈ సంగతి నాకు మా అక్క వల్ల తెలిసింది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. డెబ్బై దాటినా మా చుట్టాల్లో వాకింగ్ అంటే ముందు తన పేరే చెప్పేవాళ్లు. వాన పడితే తప్ప మానేది కాదు. చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ పెట్టుకునేది. రాత్రి పడుకోబోయే ముందు లెక్క తక్కువైందంటే హాల్లో అటూ ఇటూ తిరిగి మరీ పూర్తి చేసేది. అలాంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం బాత్‌రూమ్ గుమ్మం దగ్గర తడి మీద కాలు జారి కూలబడింది. ఇంట్లో ఎవరూ లేరు. ఫోనేమో హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. ఎన్నిసార్లు చేసినా తీయడం లేదని నేను ఆ ఇంటి రెండో తాళంచెవి పట్టుకుని వెళ్లాను.

తలుపు తీసి చూస్తే గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. మోచేయి దగ్గర కాస్త చర్మం గీరుకుంది, అంతే. తల తగల్లేదు, ఎముక విరగలేదు.

"ఎక్కడ నొప్పిగా ఉందక్కా?" అన్నాను.

"నొప్పేం లేదే. లేవలేకపోతున్నాను" అంది.

ఆ మాట ఎప్పటికీ మర్చిపోను. అరచేయి నేలకు ఆనించి బలం తీసుకుంటుంది, నడుము కాస్త పైకి లేస్తుంది, మోకాళ్లు గజగజ వణుకుతాయి, మళ్లీ కూలబడుతుంది. చంకల కింద చేతులు వేసి లేపబోతే ఇద్దరం కలిసి పడేలా ఉన్నాం. చివరికి పక్కింటి కుర్రాడిని పిలిస్తే, ఇద్దరం కలిసి ఎలాగో కుర్చీలో కూర్చోబెట్టాం. తనకు దెబ్బ బాధ ఏమాత్రం లేదు. పక్కింటివాళ్లు వచ్చి లేపాల్సి వచ్చిందనే బాధే ఎక్కువ. ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి "ఏమీ లేదు, వయసు కదా, జాగ్రత్తగా ఉండండి" అని పంపించేశారు. వయసు కదా అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నొప్పికీ వయసే, నీరసానికీ వయసే, మతిమరుపుకీ వయసే. ఆ ఒక్క మాట అనేసి చేతులు దులుపుకుంటే, మందు మార్చితేనో కసరత్తు చేయిస్తేనో తగ్గేవి కూడా అలాగే ఉండిపోతాయి.

మా మేనకోడలు పట్టుబట్టి ఒక ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించింది. చిన్నపిల్ల, కానీ పని తెలిసిన పిల్ల. రాగానే మందుల గురించి కాదు, కుర్చీ గురించి అడిగింది. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, అక్కను కూర్చోబెట్టి, "రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండమ్మా. చేతి సాయం లేకుండా పూర్తిగా నిలబడి మళ్లీ కూర్చోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు చేయగలరో చూద్దాం" అంది. 70 నుంచి 74 ఏళ్ల మధ్య ఆడవాళ్లు కనీసం 10 సార్లు, మగవాళ్లు 12 సార్లు లేవగలగాలట. అంతకంటే తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క. చేతులు ఆనించి లేస్తే సున్నా వేస్తారు. అక్కకు సున్నా వచ్చింది. రోజూ అన్ని వేల అడుగులు నడిచే మనిషికి సున్నా!

అక్కడే నాకు విషయం అర్థమైంది. ముప్ఫైల్లోనే మొదలై పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఇంకా వేగంగా పోతుంది. డాక్టర్లు దీన్ని సార్కోపీనియా అంటారు. పోయేది కనపడదు, ఎందుకంటే కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది, బరువు చూసుకుంటే అంతే ఉంటుంది. ఇక జ్వరమో ఆపరేషనో వచ్చి మంచం ఎక్కితే ఏళ్లలో పోయేది రోజుల్లో పోతుంది. 2007లో ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ తగ్గింది. అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోలేనప్పుడు "పూర్తిగా రెస్ట్ తీసుకోండి" అనేవాళ్లంటే నాకు భయం. డాక్టర్ వద్దని చెబితే తప్ప, రోజుకు నాలుగైదుసార్లైనా లేపి కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి, నాలుగు అడుగులు వేయించాలి.

పోయిన బలం మళ్లీ రాదా అంటే, వస్తుంది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల కేంద్రంలో 90 ఏళ్ల వయసు అటూ ఇటూగా ఉన్న పదిమందితో 8 వారాలు కాళ్లకు బరువుల కసరత్తు చేయించారు. బాగా బలహీనపడిపోయిన మనుషులు. చివరిదాకా చేసినవాళ్లు తొమ్మిదిమంది. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకే పెరిగినప్పుడు డెబ్బైకి ఎందుకు పెరగదు?

అక్కతో ఆ పిల్ల మొదలుపెట్టింది చాలా చిన్నగా. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, అక్కడి నుంచి చేతులు ఆనించకుండా లేవమంది. అది సులువయ్యాక ఒక దిండు తీసేసింది. తర్వాత రెండోదీ తీసేసింది. కూర్చునేటప్పుడు ధబ్‌మని పడకుండా మెల్లగా దిగమనేది, అసలు కసరత్తు అక్కడే ఉందనేది. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గోడకు చేతులు ఆనించి తోయడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడటం కూడా చేయించింది. ఊపిరి బిగపట్టొద్దని పదేపదే చెప్పేది, బిగపడితే బీపీ పెరుగుతుందని. ఇంకో మాట కూడా చెప్పింది. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించకపోతే ఆ కసరత్తు వల్ల బలం పెరగదట. పెద్దవాళ్లతో చేయించేవాళ్లు చాలామంది ఇక్కడే మొహమాటపడతారు. చేతులు ఊపించి, మెడ తిప్పించి, "ఇక చాలులెండి" అంటారు. అలా చేయిస్తే కీళ్లు కాస్త వదులవుతాయేమో గానీ, కుర్చీలోంచి లేచే బలం రాదు.

అన్నిటికంటే నాకు నచ్చింది నేల మీద నుంచి లేవడం నేర్పించడం. నేల మీద చాప పరిచి, అక్కను పడుకోబెట్టి మొదలుపెట్టింది. ముందు కంగారుపడకుండా ఊపిరి పీల్చుకుని, ఎక్కడైనా గట్టి నొప్పి ఉందేమో చూసుకోవాలి. ఉంటే కదలకూడదు. లేకపోతే ఒక పక్కకు తిరగాలి. మోచేతి మీద, తర్వాత అరచేతి మీద బరువు వేసి, మెల్లగా చేతులు, మోకాళ్ల మీదకు రావాలి. అలాగే పాకుతూ దగ్గరున్న కుర్చీ దాకా వెళ్లాలి. రెండు చేతులూ కుర్చీ సీటు మీద పెట్టి, బలంగా ఉన్న కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకు ఆనించాలి. చేతులతో, ఆ కాలితో కలిపి తోసి పైకి లేచి, అలాగే తిరిగి కుర్చీలో కూర్చోవాలి. వెంటనే నిలబడకూడదు, కళ్లు తిరగొచ్చు. మొదటిసారి పాకమన్నప్పుడు అక్క సిగ్గుపడింది, "ఈ వయసులో ఇదేంటమ్మా" అంది. కొన్ని నెలలకు తనంతట తానే లేచి కుర్చీలో కూర్చుని నా వైపు చూసింది చూడండి, ఆ ముఖంలో వెలుగు చెప్పలేను.

ఆ అడుగుల వాచీల గురించి కూడా చెప్పాలి. రోజుకు 10,000 అడుగులనే లెక్కను డాక్టర్లు కూర్చుని తేల్చలేదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని ఆ పేరుతో అమ్మారు, అక్కడి నుంచి పాకింది. సగటున 72 ఏళ్ల ఆడవాళ్ల మీద చేసి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా లాభం కనిపించలేదు. కాబట్టి మీ నాన్నగారు ఆ పదివేల కోసం మోకాళ్లు అరగదీసుకోనక్కర్లేదు. ఆ మిగిలే సమయాన్ని బలానికి, బ్యాలెన్స్‌కి ఇవ్వమనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా ఇదే. 65 దాటినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమతో పాటు, కండరాలకు కసరత్తు వారంలో కనీసం 2 రోజులు, బ్యాలెన్స్‌తో కలిపి చేసే కసరత్తు 3 రోజులు ఉండాలి. అందరూ ఆ 150 నిమిషాలే గుర్తుపెట్టుకుని మిగతా రెండూ వదిలేస్తారు.

తిండి కూడా చూడాలి. వయసు పెరిగేకొద్దీ తిండి తగ్గించాలనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, దాంతో ముందు తగ్గేది ప్రోటీనే. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ పెద్దవాళ్లకు కావాలని నిపుణులు చెబుతారు, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే పెంచాలి. ఆ డబ్బా పొడుల ప్రకటనల్లో తెల్లజుట్టు పెద్దాయన మెట్లెక్కి పరిగెడుతుంటాడు. కాళ్లకు పని చెప్పకుండా పొడి కలుపుకుని తాగితే పరిగెత్తే బలం రాదు.

మందులూ ఒకసారి చూపించండి. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మాత్రలు లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. పడుకున్నప్పటి బీపీకీ, లేచి నిలబడ్డాక 3 నిమిషాల్లోపు బీపీకీ తేడా చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టర్‌కి చెప్పాలి. సొంతంగా ఏదీ ఆపొద్దు. మడమ పట్టని వదులు చెప్పులు ఇంట్లో ఉంటే తీసేయండి.

ఇక మీరు అడగకపోయినా చెప్పాలనుకున్నది ఒకటుంది. పిల్లలు ప్రేమతోనే పెద్దవాళ్ల కాళ్లు బలహీనం చేస్తున్నారు. "నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తా." "ఆ సంచి ఎందుకు మోస్తున్నావమ్మా, ఇటివ్వు." "మెట్లెందుకు, లిఫ్ట్ ఉంది కదా." మా అబ్బాయి కూడా ఇంతే, మంచినీళ్ల గ్లాసు కూడా చేతికి తెచ్చిస్తాడు. వాడి ప్రేమ నాకు తెలుసు, అయినా వద్దని గట్టిగానే చెప్పాను. నా సంచి నేనే మోస్తాను. కింది అరలో గిన్నె కావాలంటే నేనే వంగి తీసుకుంటాను. అటక ఎక్కే పనులు, తడి నేల మీద పనులు పిల్లలు చేయాలి, కాదనను. మిగతావి మాకు వదిలేయండి. ఆలస్యమైనా ఓపిక పట్టండి. చేతిలో పని లాగేసుకుని, ఆ తర్వాత డబ్బు కట్టి జిమ్‌లో చేర్పించడం నాకు అర్థం కాదు.

మీ నాన్నగారికి ఛాతీలో నొప్పి, ఆయాసం, ఈమధ్య కళ్లు తిరగడం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి. లేకపోతే ఈ వారమే ఆ కుర్చీ పరీక్ష చేయించండి. ఆయన వయసుకి 12 సార్లకు తగ్గితే దిండు వేసి మొదలుపెట్టండి, దాటితే ఎత్తు తక్కువ కుర్చీకి మార్చండి. నేల మీద నుంచి లేవడం మొదటి కొన్నిసార్లు చేయించేటప్పుడు మాత్రం కుర్చీ గోడకు గట్టిగా ఆనించి ఉండాలి, పక్కన మీరుండాలి. చేయి అందివ్వొద్దు, ఆయన అడిగితేనే ఇవ్వండి.