సునీతకు, వానలు పడకముందే

చి. సునీతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆశా కార్యకర్తగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమే తల్లీ. వానలు పడగానే నీ గడపకు ముందొచ్చేవి వాంతులు, విరేచనాలు. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఏఎన్ఎంగా నేను చూసినంతలో, ఈ జబ్బులో పసిపిల్లల ప్రాణం మీదకు తెచ్చేది ఎక్కువగా ఒంట్లోంచి పోయే నీళ్ళూ ఉప్పూనే. నువ్వు మందు కోసం వెతుక్కోనక్కర్లేదు, పోయినదాన్ని పోయినట్టే మళ్ళీ పట్టించాలి.

"పళ్ళొస్తున్నాయమ్మా, అందుకే" అని ప్రతి ఇంట్లోనూ అంటారు. వాళ్ళతో వాదించకు. సరిగ్గా ఆ వయసులోనే పిల్ల పాకుతుంది, దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది, పైతిండి మొదలవుతుంది. జబ్బు ఆ దారినే వస్తుంది. "కారణం ఏదైతేనేం, నీళ్ళు పోతున్నాయిగా, ముందు ఓఆర్ఎస్ నీళ్ళు పట్టిద్దాం" అను.

ఓఆర్ఎస్ అంటే ఉప్పు, గ్లూకోజ్ కలిసిన పొడే కదా, దాన్ని నీళ్ళలో కలపడంలో జనం తప్పు చేసేది కొలతలోనే. మనం పంచే పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు సరిపడేది. అందులోంచి చిటికెడు తీసి గ్లాసులో వేస్తే పలచనైపోతుంది. సగం ప్యాకెట్ గ్లాసులో కుమ్మరిస్తే ఉప్పెక్కువై పిల్లకు ప్రమాదం. మొత్తం ప్యాకెట్, మొత్తం లీటరు. కొలతకు ఖాళీ లీటరు నీళ్ళ బాటిల్ వాడు. దుకాణంలో కొన్నది చిన్న ప్యాకెట్ అయితే ఎన్ని నీళ్ళకో దాని మీదే ఉంటుంది, చదివి కలపమను. కలిపి 24 గంటలు దాటితే పారబోయించు.

రెండేళ్ళలోపు పిల్లకు ప్రతి విరేచనం తర్వాతా 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవాళ్ళకు 100 నుంచి 200. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లులు విసిగి మానేసేది సరిగ్గా అక్కడే, నువ్వు పక్కన కూర్చోవాల్సిందీ అప్పుడే. తల్లిపాలు మాత్రం ఆపనివ్వకు.

"సూదెయ్యకుండా ఉప్పునీళ్ళేంటి?" అని మగవాళ్ళు ఎగతాళి చేస్తారు. వాళ్ళకు బెంగాలీ డాక్టరు దిలీప్ మహలనబిస్ గారి సంగతి చెప్పు. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగావ్ కిక్కిరిసిపోయి, కలరా విరుచుకుపడి, సెలైన్ సరిపోనప్పుడు ఆయన ఈ నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపించి పంచారు. పట్టించింది కూడా చాలావరకు రోగుల బంధువులే. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగులోపుకు దిగాయి. 2023లో ఆయనకు, అప్పటికే పోయారనుకో, పద్మ విభూషణ్ ఇచ్చారు.

దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరు తగిలించి అమ్మిన తీపి పానీయాలతో జాగ్రత్త. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. పాత సరుకు ఎవరి అరలోనన్నా ఉంటే ఇవ్వనీయకు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి.

ఓఆర్ఎస్‌తో పాటు జింకు బిళ్ళ. ఆర్నెల్లు దాటిన పిల్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆర్నెల్ల లోపు అయితే అందులో సగం, చెంచాడు నీళ్ళలోనో తల్లిపాలలోనో కరిగించి. 14 రోజులూ వెయ్యాలి. విరేచనాలు తగ్గగానే నాలుగోనాడు ఆపేస్తారు. అందుకని మధ్యలో ఒకసారి వెళ్ళి బిళ్ళలు లెక్కబెట్టు.

ఊళ్ళో ప్రాక్టీసు చేసేవాళ్ళు ప్రతిదానికీ యాంటీబయాటిక్ రాస్తారు. నీళ్ళ విరేచనాల్లో చాలావాటికి అది అక్కర్లేదు. పైగా కొంతమంది పసివాళ్ళకు ఆ మందుల తర్వాతే నాలుక మీద, బుగ్గల లోపల తెల్లపూత వస్తుంది. పాల మీగడైతే తుడిస్తే పోతుంది. పూత పోదు, గట్టిగా రుద్దితే ఎర్రబడి నెత్తురొస్తుంది. తేనె రాస్తామంటారు, ఏడాదిలోపు పిల్లకు తేనె వద్దే వద్దు. డాక్టరుకు చూపిస్తే నోట్లో వేసే మందిస్తారు. పాలిచ్చే తల్లి చనుమొనల్లో మంట ఉందేమో కూడా అడుగు. ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగకపోతే తిరిగి తిరిగి అదే వస్తుంది.

ఈ గుర్తులుంటే ఇంట్లో కాలయాపన చెయ్యకు: కళ్ళు లోపలికి పోవడం, పొట్ట చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా సర్దుకోవడం, మగతగా పడుండడం, తాగలేకపోవడం, విరేచనంలో నెత్తురు. గంజినీళ్ళలా ధారగా పోతుంటే కలరా అనుమానించు, వెంటనే 108 పిలిపించు. దారిలో కూడా ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఉండమను.

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్ళలో మొదలైతే వాళ్ళ వంటిళ్ళ మీద పడకు, పైపు ఎటు పోతోందో చూడు. మురిక్కాలవలో మునిగిన పైపుకు చిల్లుంటే, నీళ్ళు కట్టేసిన గంటల్లో మురుగు లోపలికి లాగేస్తుంది. ఆ పూటే పీహెచ్‌సీ డాక్టరుకూ, పంచాయతీ కార్యదర్శికీ ఫోన్ చెయ్యి. ట్యాంకులో బ్లీచింగ్ కలిపామంటే సరిపోదు, ఆఖరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయించు. మరమ్మతు అయ్యేదాకా నీళ్ళు కాచి తాగమను.

విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు టీకా చుక్కలు పిల్లకు 6, 10, 14 వారాల వయసులో. ఎవరు తప్పిపోయారో రిజిస్టరు చూసుకో. జింకు, ఓఆర్ఎస్ నిల్వ ఎంతుందో ఈ వారమే చూసి ఏఎన్ఎం గారికి ఇండెంట్, అంటే కావాల్సినవాటి చీటీ, రాసివ్వు. జూలైలో అందరూ ఒకేసారి అడుగుతారు.

ఇట్లు
మీ పెద్దమ్మ