లెక్కలోకి రాని డాక్టర్లు

ప్ర: బ్రిటిష్ సీరియల్ డాక్టర్ హూ మొదట్నుంచీ వరసగా చూస్తున్నా. జాన్ పెర్ట్వీ మూడో డాక్టర్, టామ్ బేకర్ నాలుగో డాక్టర్ కదా, మా తమ్ముడేమో వీళ్లిద్దరి మధ్యలో ట్రెవర్ మార్టిన్ అని ఇంకొకాయన ఉన్నాడంటాడు. నిజమా, నన్ను ఆటపట్టిస్తున్నాడా?

జ: నిజమేనండీ, కాకపోతే ఆయన టీవీ డాక్టర్ కాదు, నాటకంలో డాక్టర్. (సీరియల్ చూడనివాళ్లకి: డాక్టర్ అంటే కాలంలో ప్రయాణించే గ్రహాంతరవాసి, చావు దగ్గరకొస్తే మొహం, ఒళ్లూ మారిపోతాయి, అందుకే ఒక్కో నటుడికీ ఒక్కో నెంబరు.) 1974 డిసెంబర్ 16న లండన్ అడెల్ఫీ థియేటర్‌లో 'సెవెన్ కీస్ టు డూమ్స్‌డే' మొదలైంది, రాసింది టెరన్స్ డిక్స్, టీవీ సీరియల్‌కి స్క్రిప్ట్ ఎడిటర్‌గా చేసినాయనే. పెర్ట్వీ జూన్‌లోనే దిగిపోయాడు, బేకర్ మొదటి ఎపిసోడ్ డిసెంబర్ 28న గానీ రాలేదు, సరిగ్గా ఆ సందులో దూరాడన్నమాట మన మార్టిన్! మొదట్లోనే పెర్ట్వీ మొహం మార్టిన్ మొహంగా మారిపోయినట్టు చూపించేశారు. దెబ్బ తగిలిన డాక్టర్ టార్డిస్‌లోంచి, అంటే తన కాలయంత్రంలోంచి, తూలుకుంటూ బయటికొచ్చి పడిపోతే ప్రేక్షకుల్లోంచి ఒకబ్బాయి, ఒకమ్మాయి లేచి స్టేజీ మీదకి పరిగెడతారు, చూసే పిల్లలకి అరె మనం కూడా వెళ్లచ్చేమో అనిపించి ఉంటుంది. వాళ్లు నటులేలెండి, ఆ అమ్మాయి వెండీ ప్యాడ్‌బరీ, టీవీలో రెండో డాక్టర్ వెంట తిరిగే జోయీగా చేసింది ఈవిడే.

అంతకుముందు 1965లో 'ద కర్స్ ఆఫ్ ద డాలెక్స్' అని ఇంకో నాటకం వచ్చింది గానీ అందులో అసలు డాక్టరే లేడు, ఆయన శత్రువులైన డాలెక్‌లు మాత్రం ఉన్నాయి!

నాకు మాత్రం మార్టిన్ కంటే డేవిడ్ బ్యాంక్స్ కథే ఇష్టం. 1989లో 'ది అల్టిమేట్ అడ్వెంచర్' అని ఊరూరా తిరిగిన నాటకంలో ముందు పెర్ట్వీ, తర్వాత కోలిన్ బేకర్ డాక్టర్‌గా చేశారు. మధ్యలో పెర్ట్వీకి ఒంట్లో బాగోకపోతే అదే నాటకంలో కార్ల్ అనే కిరాయి సైనికుడి వేషం వేస్తున్న బ్యాంక్స్ ఆ ఒక్కరోజుకి డాక్టర్ అయిపోయాడు. ఈయన టీవీలో ఎవరనుకున్నారు, మాస్క్ వేసుకుని డాక్టర్ల మీద పగబట్టిన సైబర్ లీడర్, అంటే సైబర్‌మెన్ అనే సగం యంత్రాల్లాంటి శత్రువుల నాయకుడు! వేరే హీరో అయితే మొహం మారిందేంటని జనం గొడవ చేద్దురు, ఈ హీరోకి మొహం మారడమే అలవాటు కాబట్టి సరిపోయింది.

ఇక నెంబరంటారా, 1, 2, 3 అనేది టీవీ లెక్క, అందులో వీళ్లిద్దరికీ చోటు లేదు. అలాగని దొంగ డాక్టర్లనడం నాకు నచ్చదు, టికెట్ కొనుక్కుని వెళ్లినవాళ్లకి ఆ పూట డాక్టర్ వాళ్లే కదా.

ప్ర: వాటిని ఇప్పుడు చూడ్డం కుదురుతుందా?

జ: వినొచ్చు. 2008లో ఆడియో నాటకాలు తీసే బిగ్ ఫినిష్ కంపెనీ వాళ్లు మూడు నాటకాల్నీ ఆడియోగా తెచ్చారు. 'సెవెన్ కీస్'లో మార్టినే మళ్లీ డాక్టర్, ప్యాడ్‌బరీ వేసిన జెన్నీ పాత్రకి ఈసారి గొంతిచ్చింది వాళ్లమ్మాయి ఛార్లీ హేస్. ముందు మీ తమ్ముడికి వినిపించండి, పందెం కాసుంటే మాత్రం ఓడిపోయినట్టే మీరు.